కామన్స్ సభలో ఎలెన్ విల్కిన్సన్

పార్లమెంటరీ విధానంలో ప్రశ్నోత్తరాల సమయానికి గల విలువను మనం సాధారణంగా తక్కువగానే అంచనా వేస్తుంటాము. బడ్జెటు ప్రసంగాలు పత్రికల మొదటి పుటలకెక్కుతాయి. అవిశ్వాస తీర్మానాలు వచ్చిన రోజున సందర్శకుల గ్యాలరీలు నిండిపోతాయి. కాని ఏ పేటలో ఎన్ని కుటుంబాలు ఒకే గదిలో కాపురముంటున్నవి, పనికి వెళ్ళే తల్లుల పసిబిడ్డలకు పగటిపూట నీడ ఎక్కడున్నది, ఏ కొండ మీద సామాన్యుడు కాలు మోపడానికి వీలులేదు అని ఒక సభ్యుడు లేచి అడిగితే, మంత్రి రెండు వాక్యాల సమాధానం చదివి కూర్చుంటాడు. అంతటితో ఆ సంగతి సభా కార్యకలాపాల సంపుటంలో ఒక మూల చేరిపోతుంది. ఆ రెండు వాక్యాలను రాబట్టడానికే తమ ఆయుర్దాయంలో అధికభాగాన్ని వెచ్చించిన శాసనకర్తలు ఉన్నారు. ఇంగ్లండులో అటువంటి వారి పేర్లు చెప్పుకొన్నప్పుడు ఎలెన్ విల్కిన్సన్ పేరు ముందుగా వస్తుంది.

ఆమెను గురించి వ్రాయాలని మేము తలపెట్టడానికి మరొక కారణం కూడా ఉన్నది. ఏళ్ళ తరబడి ప్రభుత్వాన్ని ప్రశ్నించిన ఈ వనిత, జీవిత చరమదశలో తానే మంత్రి అయి, తాను వేసినటువంటి ప్రశ్నలకే జవాబు చెప్పుకోవలసిన స్థానంలో కూర్చున్నారు. ప్రశ్నించేవారు అధికారంలోకి వచ్చినప్పుడు ఏమవుతారన్నది ఏ దేశంలోనైనా ప్రజలు ఆసక్తితో గమనించే విషయం. ఆమె విషయంలో ఆ సమాధానం పూర్తిగా తీయనిదీ కాదు, పూర్తిగా చేదైనదీ కాదు.

ఎలెన్ 1891వ సంవత్సరం అక్టోబరు 8వ తేదీన మాంచెస్టర్ నగరంలో జన్మించారు. అది నూలుమిల్లుల నగరం. మన దేశపు ప్రత్తి ఓడలలో చేరి, బట్టగా మారి, తిరిగి మన బజార్లకే వచ్చిన కాలమది. తండ్రి రిచర్డ్ విల్కిన్సన్ మొదట మిల్లు కార్మికుడు, తరువాత భీమా ఏజెంటు. మెథడిస్టు ప్రార్థనా మందిరంలో ఉపన్యాసాలిచ్చేవాడు. రాజకీయంగా ఆయన కన్సర్వేటివ్ పక్షపాతి. అయినా కూతురిని వెంటబెట్టుకొని పరిణామ సిద్ధాంతం మీద జరిగే ఉపన్యాసాలకు తీసుకువెళ్ళేవాడు. తల్లి దీర్ఘరోగి. కాన్పు సమయంలో సరియైన వైద్యం అందకపోవడమే ఆ అనారోగ్యానికి మూలమని ఆ ఇంటిలో అందరికీ తెలుసు. పేదయింటి ఆడవారికి వైద్యం, వసతి, విశ్రాంతి ఎందుకు అందవన్న ప్రశ్న ఆమెకు పుస్తకాలలో దొరకలేదు. పక్కగదిలోనే దొరికింది.

పదహారవ యేటనే ఆమె స్వతంత్ర లేబరు పార్టీలో చేరారు. 1910లో స్కాలర్‌షిప్పు సంపాదించి మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివారు. ఆ సామాజిక వర్గపు ఆడపిల్లకు అది అరుదైన అవకాశం. 1913లో పట్టభద్రురాలై స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలో కార్యకర్తగా, 1915 నుండి సహకార సంఘాల ఉద్యోగుల యూనియనులో సంచాలకురాలిగా పనిచేశారు. 1920లో బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీ స్థాపక సభ్యులలో ఆమె ఒకరు. 1924లో దానిని విడిచిపెట్టారు. ఆ రాకపోకల మంచిచెడ్డలను ఇక్కడ విస్తరించము. మాంచెస్టర్ నగరపాలక సంస్థకు 1923లో ఎన్నిక కావడం మాత్రం మా ప్రస్తావనకు అవసరం. మురికివాడలు, నీటి కుళాయిలు, అద్దెలు, ఇరుకు సందులు అక్కడి చర్చలలో నిత్యం దొర్లుతుండేవి. రాజ్యాంగ సూత్రాల కంటె ముందు ఆమె నేర్చుకొన్న రాజకీయం అదే.

1924 అక్టోబరు సాధారణ ఎన్నికలలో మిడిల్స్‌బరో తూర్పు నియోజకవర్గం నుండి ఆమె కామన్స్ సభకు ఎన్నికయ్యారు. ఇనుము, ఉక్కు కర్మాగారాల పట్టణమది. ఆ ఎన్నికలలో గెలిచిన స్త్రీలు నలుగురే. లేబరు పార్టీ తరఫున ఆమె ఒక్కరే. ఎత్తు అయిదడుగులకు లోపు. సభలోని తోలు బెంచీ మీద కూర్చుంటే పాదాలు నేలకందేవి కావట. జుట్టు ఎర్రన, రాజకీయమూ ఎర్రన కావడంతో జనం ఎర్ర ఎలెన్ అని పిలుచుకొన్నారు. ముప్పది ఏళ్ళు నిండని స్త్రీలకు ఆనాటికి అక్కడ ఓటు లేదు. 1928లో పురుషులతో సమానంగా ఇరవై ఒకటవ యేటనే స్త్రీలకు ఓటు ఇచ్చే శాసనం వచ్చినప్పుడు సభలో దానిని సమర్థించిన వారిలో ఆమె ఉన్నారు.

ఇంగ్లండులో గృహనిర్మాణం ఆ రోజుల్లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ క్రింద ఉండేది. ఇది మనకు కొంత వింతగా తోచవచ్చు. కాని చీకటి గదిలో క్షయ, ఇరుకు గదిలో శిశుమరణం పుడతాయని గ్రహించిన వారికి ఇల్లు, వైద్యం ఒకే శాఖలో ఉండడం సబబుగానే కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం 1919లో ఆడిసన్ శాసనం, 1924లో వీట్లీ శాసనం స్థానిక సంస్థల చేత అద్దె ఇళ్ళు కట్టించడానికి ప్రభుత్వ ధనం కేటాయించాయి. ఇళ్ళు లేచాయి. అయితే ఆ అద్దెలు భరించగలిగింది స్థిరమైన జీతం గల కార్మికుడే గాని, అట్టడుగువాడు కాడు. మురికివాడలలోని వారు అక్కడే ఉండిపోయారు. 1929లో లేబరు ప్రభుత్వం రెండవసారి ఏర్పడినప్పుడు ఎలెన్ ఆ శాఖలోనే, ఉపమంత్రి సూసన్ లారెన్స్‌కు పార్లమెంటరీ వ్యక్తిగత కార్యదర్శిగా నియమితులయ్యారు. మురికివాడల నిర్మూలనకు ఉద్దేశించిన 1930 నాటి గ్రీన్‌వుడ్ శాసనం ఆ శాఖ నుండి వచ్చినదే. కూలగొట్టిన ఇంటిలోని మనుషులకు వేరొక ఇల్లు చూపించవలసిన బాధ్యతను ఆ శాసనం స్థానిక సంస్థల మీద పెట్టింది. పేదల పాకలు తొలగించడమే పట్టణ సౌందర్యమని భావించే అధికారులు ఏ దేశంలోనైనా ఉంటారు గనుక, ఆ నిబంధన విలువ మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇళ్ళ తరువాత బిడ్డలు. మార్గరెట్ మెక్‌మిలన్, రేచెల్ మెక్‌మిలన్ అనే అక్కచెల్లెళ్ళు లండనులోని డెట్‌ఫర్డ్ పేటలో 1914లో ఆరుబయట నడిచే శిశు విద్యాలయాన్ని స్థాపించారు. రెండేళ్ళ నుండి అయిదేళ్ళ లోపు పిల్లలకు స్నానం, పాలు, నిద్ర, ఆట, తోట అక్కడ లభించేవి. మన అంగన్‌వాడీని ఎరిగినవారికి ఆ చిత్రం సులభంగా కళ్ళకు కడుతుంది. 1918 నాటి విద్యాశాసనం ఇటువంటి బడులను నెలకొల్పడానికి స్థానిక సంస్థలకు అనుమతి మాత్రమే ఇచ్చింది, నిర్బంధం చేయలేదు. అనుమతి ఇచ్చి ధనం ఇవ్వకపోవడం ప్రభుత్వాలకు చాలా ఇష్టమైన పద్ధతి. 1929 డిసెంబరులో విద్యాశాఖ, ఆరోగ్యశాఖ కలిసి బడి ఈడు రాని పిల్లలను గురించి ఒక ఉమ్మడి సర్క్యులరు పంపి, శిశు విద్యాలయాలను పెంచవలసిందని స్థానిక సంస్థలను ప్రోత్సహించాయి. రెండేళ్ళు తిరగకముందే ఆర్థిక సంక్షోభం వచ్చింది. పొదుపు పేరిట కోతపెట్టిన వాటిలో పసిపిల్లల బడులు ముందు వరుసలో నిలిచాయి. పసిపిల్లలకు ఓటు లేదు, యూనియనూ లేదు.

ఇక భూమి సంగతి. మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాల మధ్య పీక్ ప్రాంతమనే ఎత్తయిన బీడు ఉన్నది. వారమంతా పొగలో పనిచేసిన కార్మికులు ఆదివారం నాడు రైలెక్కి ఆ కొండగాలి పీల్చుకోవాలని ఆశపడేవారు. కాని ఆ బీడులో అధికభాగం జమీందారుల సొత్తు. గ్రౌస్ అనే పక్షిని సంవత్సరంలో కొద్ది వారాలు వేటాడుకోవడం కోసం మిగతా కాలమంతా అక్కడ మనిషి అడుగు పడకుండా కావలివాళ్ళను నియమించేవారు. దున్నడానికి పనికిరాని, ఇళ్ళు కట్టడానికి పనికిరాని భూమి మీద నడవడం కూడా నేరమయింది. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన వైపు భూమి ప్రశ్న అంటే దున్నేవానికి భూమి అనే అర్థమే ముందుగా స్ఫురిస్తుంది. ఇంగ్లండు కార్మికుడు ఆ కొండను కౌలుకూ అడగలేదు, పట్టాకూ అడగలేదు. దాని మీద నడిచిపోనివ్వమన్నాడు. మన ఊళ్ళలో పశువుల బాటనో, చెరువుగట్టునో ఒకరు కంచె వేసి కలుపుకొన్నప్పుడు ఊరివారు పడే ఆవేదనతో దానిని పోల్చవచ్చునని మాకు తోస్తున్నది.

ఈ ప్రవేశహక్కు కోసం జేమ్స్ బ్రైస్ 1884లోనే సభలో బిల్లు తెచ్చాడు. 1908లో చార్లెస్ ట్రెవెల్యన్ మరొకటి తెచ్చాడు. ఏదీ గట్టెక్కలేదు. 1931లో ఎలెన్ విల్కిన్సన్ అదే కోరికతో పర్వత ప్రవేశ బిల్లును సభ ముందుంచారు. అదీ శాసనం కాలేదు. ఆ యేడు ఆగస్టులో లేబరు ప్రభుత్వం పడిపోయింది, అక్టోబరు ఎన్నికలలో ఆమె తన స్థానాన్నే కోల్పోయారు. 1932 ఏప్రిల్ 24వ తేదీన కొన్ని వందల మంది యువకార్మికులు కిండర్ స్కౌట్ కొండ మీదికి నిషేధాన్ని ధిక్కరించి నడిచారు. కావలివాళ్ళతో పెనుగులాట జరిగింది. కొందరికి జైలుశిక్షలు పడ్డాయి. సభలో బిల్లుకు దొరకని ప్రచారం ఆ శిక్షలకు దొరికింది.

పదవి లేని ఆ కాలంలోనే ఆమె మన దేశానికి వచ్చారు. ఇండియా లీగు పంపిన ప్రతినిధి బృందంలో మోనికా వాట్లీ, లెనార్డ్ మాటర్స్‌లతో పాటు ఆమె సభ్యురాలు. బృందానికి కార్యదర్శి వి. కె. కృష్ణ మీనన్. 1932 ఆగస్టు నుండి నవంబరు వరకు వారు దేశంలో పర్యటించారు. శాసనోల్లంఘన ఉద్యమాన్ని అణచడానికి ప్రభుత్వం ఆర్డినెన్సులతో పాలిస్తున్న రోజులవి. జైళ్ళు కిక్కిరిసి ఉన్నాయి. తాము చూచినదంతా వారు గ్రంథస్థం చేయగా, దానికి బెర్ట్రండ్ రస్సెల్ పీఠిక వ్రాశాడు. లండనులో కార్మికుని ఇంటిని గురించి అడిగిన స్త్రీ, తన దేశపు జెండా క్రింద మరొక దేశంలో జరిగే లాఠీదెబ్బలను గురించి మౌనం వహించలేదు. ఈ నిలకడ ఆనాటి బ్రిటిష్ రాజకీయవేత్తలలో అందరికీ లేదు.

1935 నవంబరులో ఆమె జారో నియోజకవర్గం నుండి మళ్ళీ సభలో ప్రవేశించారు. ఆమె పేరు చరిత్రలో నిలిచింది ఈ పట్టణం వల్లనే గనుక కొంత వివరంగా వ్రాయడం అవసరం. టైన్ నది ఒడ్డున ఉన్న జారో ఒకే ఒక్క పరిశ్రమ మీద బ్రతికిన ఊరు. 1852లో ఆరంభమైన పామర్ నౌకా నిర్మాణశాలలో సుమారు వేయి ఓడలు తయారయ్యాయి. తండ్రి, కొడుకు, మనుమడు అక్కడే పనిచేశారు. 1930లో నౌకా పరిశ్రమ అధిపతులు ఒక కంపెనీగా ఏర్పడి, గిరాకీ తగ్గింది గనుక మిగులు నౌకాశాలలను కొని మూసివేయడం మొదలుపెట్టారు. పామర్ నౌకాశాలను వారు 1934లో కొన్నారు. అక్కడ నలభై ఏళ్ళపాటు ఓడలు కట్టరాదని షరతు కూడా విధించారు. పనిచేయగల మగవారిలో నూటికి డెబ్భై మందికి పైగా నిరుద్యోగులయ్యారు.

అటువంటి ఊరిలో ఇళ్ళు ఎలా ఉంటాయి? పామర్ కంపెనీ మంచి దశలో ఉన్నప్పుడు పని కోసం వచ్చిన జనానికి తొందర తొందరగా కట్టిన వరుస ఇళ్ళు అప్పటికే పాతబడి ఉన్నాయి. వాటిలో కుటుంబాలు కుక్కుకొని ఉండేవి. క్షయ మరణాలు, శిశుమరణాలు దేశపు సగటును మించిపోయాయి. స్థానిక సంస్థ ఇళ్ళు కట్టాలంటే పన్నులు వసూలు కావాలి. పన్నులు కట్టవలసినవారికే పని లేదు. సహాయధనం ఇవ్వడానికి ముందు అధికారులు ఇంటికి వచ్చి, కొడుకు తెచ్చే నాలుగు షిల్లింగులను కూడా లెక్కవేసి తండ్రి భృతిలో కోసేవారు. మీన్స్ టెస్టు అనే ఆ ఆదాయ విచారణ వల్ల సంపాదించే కొడుకు ఇల్లు విడిచి వేరే అద్దెగది వెతుక్కోవడమే లాభమయింది. ఇంటి కరవు తీర్చవలసిన ప్రభుత్వం ఇంటినే విడగొట్టింది. ఈ పరిస్థితులన్నిటినీ ఎలెన్ 1939లో హత్యకు గురైన పట్టణం అని అర్థం వచ్చే పేరుతో ఒక గ్రంథంగా ప్రకటించారు. ఒక ఊరి చరిత్రను ఆ ఊరి శాసనసభ్యురాలే లెక్కలతో, కారణాలతో వ్రాసిన పుస్తకాలలో అది నేటికీ ఎన్నదగినది.

జారోలో కొత్త ఉక్కు కర్మాగారం పెట్టాలన్న యత్నం ఉక్కు యజమానుల వ్యతిరేకత వల్ల 1936లో విఫలమైంది. పట్టణ ప్రతినిధులు వాణిజ్య మంత్రి వాల్టర్ రన్సిమన్‌ను కలుసుకొంటే, జారో తన దారి తానే వెతుక్కోవాలన్న అర్థం వచ్చే జవాబు దొరికింది. అప్పుడు పట్టణమంతా పార్టీ భేదాలు మాని ఒక నిర్ణయానికి వచ్చింది. 1936 అక్టోబరు 5వ తేదీన ఇన్నూరుమంది మగవారు లండనుకు కాలినడకన బయలుదేరారు. పదకొండు వేలకు పైగా సంతకాలున్న విజ్ఞాపన పత్రాన్ని ఓక్ కర్రపెట్టెలో పెట్టి మోసుకుపోయారు. దూరం సుమారు 280 మైళ్ళు. వంటపాత్రలు మోయడానికి ఒక పాత బస్సు, వైద్యసహాయానికి కొందరు వైద్య విద్యార్థులు, దారిలో తోడు వచ్చిన ఒక కుక్క, ఇదీ ఆ సేన. లెస్టర్ నగరంలో సహకార సంఘపు చర్మకారులు రాత్రంతా మేలుకొని కూలి పుచ్చుకోకుండా వారి బూట్లు బాగుచేశారు.

ఎలెన్ దారిలో చాలా భాగం వారితో నడిచారు. నడుమ ఎడిన్‌బరోలో జరిగిన తన పార్టీ మహాసభకు వెళ్ళారు. అక్కడ ఆశించిన మద్దతు దొరకలేదు సరికదా, ఆకలిగొన్న మనుషులను రోడ్ల మీద నడిపిస్తున్నందుకు విమర్శ ఎదురయింది. ప్రతిపక్షం తిట్టడం కంటె సొంత పక్షం మందలించడం బాధాకరం. ఆమె తిరిగి వచ్చి నడకలో కలిశారు. అక్టోబరు 31న వారు లండను చేరారు. ప్రధాని బాల్డ్విన్ వారిని చూడడానికి అంగీకరించలేదు. నవంబరు 4న ఎలెన్ ఆ విజ్ఞాపనను సభకు సమర్పించారు. కొద్ది నిమిషాల మాటలతో ఆ ఘట్టం ముగిసిపోయింది. జారో వాసులు రైలెక్కి ఇంటికి చేరగానే, నడకలో ఉన్న రోజులలో పనికి అందుబాటులో లేరు గనుక ఆ రోజుల భృతి తగ్గించినట్లు తెలిసింది. పని ఎక్కడ ఉన్నదని అడగడానికే వారు వెళ్ళారన్నది ఆ లెక్క వేసినవారికి తట్టలేదు కాబోలు.

ప్రజల ఇంటి సమస్య నాలుగు గోడలతో తీరదని ఎలెన్ ఎరుగుదురు. ఆ గోడల మధ్య మంచం, బల్ల, కుట్టుమిషను కూడా ఉండాలి. పేదలు వాటిని వాయిదాల మీద కొనేవారు. చివరి ఒకటి రెండు వాయిదాలు తప్పితే వర్తకుడు మనుషులను పంపి, అదివరకు కట్టినదంతా పోగా, సామాను ఎత్తుకుపోయేవాడు. అదే సామాను మరొకరికి మళ్ళీ అమ్మేవాడు. వాయిదాల వ్యాపారం మన పట్టణాలలోనూ ఉన్నది గనుక ఈ బాధ మనకు కొత్త కాదు. ప్రభుత్వ పక్షానికి చెందని సభ్యురాలిగా ఉండి కూడా ఎలెన్ 1938లో వాయిదా కొనుగోళ్ళ శాసనాన్ని సాధించారు. ధరలో మూడవవంతు చెల్లించిన తరువాత న్యాయస్థానం ఉత్తరువు లేనిదే సామాను తీసుకుపోరాదు. రొక్కపు ధర ఎంతో ముందుగా తెలియపరచాలి. ఊరేగింపులకు పడిన ఫొటోలు ఈ శాసనానికి పడలేదు. అయినా ఆమె జీవితంలో సామాన్య కుటుంబాలకు నేరుగా మేలు చేసిన పని ఇదేనని మా అభిప్రాయం.

యుద్ధం వచ్చింది. 1940 అక్టోబరులో ఆమె దేశరక్షణ శాఖలో హెర్బర్ట్ మారిసన్ క్రింద పార్లమెంటరీ కార్యదర్శి అయ్యారు. బాంబుల నుండి ప్రజలు తలదాచుకొనే ఆశ్రయాల బాధ్యత ఆమెది. రాత్రివేళ తానే వెళ్ళి భూగర్భ ఆశ్రయాలను తనిఖీ చేసేవారు. ఇంటిలోనే బల్లలాగా వాడుకోదగిన ఉక్కు ఆశ్రయాలు 1941 నుండి లక్షల ఇళ్ళకు అందాయి. అదే కాలంలో మరొక చిత్రం జరిగింది. ఫ్యాక్టరీలకు స్త్రీలు కావలసి వచ్చేసరికి, ఎన్నో ఏళ్ళుగా డబ్బు లేదన్న ప్రభుత్వమే వేయికి పైగా శిశు సంరక్షణ కేంద్రాలను తెరిచింది. అవసరం ప్రభుత్వానిది కాగానే ధనం కనబడింది. తల్లుల అవసరానికి మాత్రం అంతకు పూర్వం కనబడలేదు.

1945లో లేబరు పార్టీ ఘనవిజయం సాధించగా, అట్లీ ఆమెను విద్యామంత్రిగా నియమించాడు. బ్రిటిష్ మంత్రివర్గంలో స్థానం పొందిన స్త్రీలలో ఆమె రెండవవారు, ఆ శాఖకు మొదటి స్త్రీ మంత్రి. ఆ నవంబరులో లండనులో యునెస్కో స్థాపనకై జరిగిన మహాసభకు అధ్యక్షత వహించారు. మన దేశపు ప్రతినిధులలో రాజకుమారి అమృతకౌర్ కూడా అక్కడ ఉన్నారు. 1946 ఆగస్టు నుండి బడిపిల్లలందరికీ పాలు ఉచితంగా లభించాయి. అంతకు పూర్వం అర పెన్నీ చెల్లించవలసి ఉండేది. ఆ అర పెన్నీ తేలేని పిల్లవాడు ఎవరో తరగతిలో అందరికీ తెలిసేది. ఆ సిగ్గు తొలగింది.

కాని ఇప్పుడు ప్రశ్నలు ఆమె బల్ల మీదికే వచ్చాయి. 1944 విద్యాశాసనం అయిదేళ్ళ లోపు పిల్లల అవసరాన్ని దృష్టిలో ఉంచుకోవాలని స్థానిక సంస్థలను ఆదేశించింది. యుద్ధకాలపు శిశు కేంద్రాలకు ఆరోగ్యశాఖ పూర్తిగా భరించిన ఖర్చు మాత్రం 1946లో తగ్గిపోయింది. కొన్నిటిని స్థానిక సంస్థలు శిశు విద్యాలయాలుగా నిలుపుకొన్నాయి, తక్కినవి మూతపడ్డాయి. పనికి వెళ్ళే తల్లులు ఇది న్యాయమా అని అడిగారు. మరొక వైపు బాంబుదాడులలో కూలిన ఇళ్ళ స్థానే కొత్త ఇళ్ళు లేవని 1946 వేసవిలో వేలాది కుటుంబాలు ఖాళీ సైనిక శిబిరాలలో చొరబడి కాపురం పెట్టాయి. ఇటుక, కలప, పనివాడు, ఈ మూడింటికీ కటకటే. ఇళ్ళకు వాడితే బడులకు లేవు. బడులకు వాడితే ఇళ్ళకు లేవు. ఇల్లు కావాలని, పసిపిల్లల బడి కావాలని ఒకే నోటితో అడిగిన మనిషి, ఇప్పుడు వాటిలో ఏది ముందో నిర్ణయించవలసి వచ్చింది.

ఆమె ఎన్నుకొన్నది మూడవదాన్ని. నిర్బంధ విద్య వయస్సును పద్నాలుగు నుండి పదిహేనుకు పెంచడం. 1947 ఏప్రిల్ 1వ తేదీని గడువుగా పెట్టుకొన్నారు. పద్నాలుగేళ్ళు నిండగానే కార్మికుని బిడ్డ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడవలసిన గతి తప్పాలన్నది ఆమె పట్టుదల. బడి భవనాలకు ఇటుకలు దొరకవు గనుక కాంక్రీటు షెడ్లు లేపించారు. ఉపాధ్యాయులు చాలరు గనుక, సైన్యం నుండి తిరిగివచ్చిన వారికి ఒక్క సంవత్సరపు అత్యవసర శిక్షణ ఇప్పించారు. ఇది తొందరపాటని విద్యావేత్తలు అన్నారు. పదకొండవ యేట పరీక్ష పెట్టి పిల్లలను గ్రామర్ బడులకు, సాధారణ బడులకు వేరుచేసే పద్ధతిని ఆమె మార్చలేదని సొంత పార్టీ ఉపాధ్యాయులే ఆగ్రహించారు. ఈ రెండవ విమర్శలో సత్యం ఉన్నదని మేము భావిస్తున్నాము. స్కాలర్‌షిప్పుతో పైకి వచ్చిన ఆమెకు ఆ నిచ్చెన మీద నమ్మకం పోలేదు. నిచ్చెన ఎక్కలేనివారి సంఖ్యను ఆమె తక్కువగా అంచనా వేశారు. పసిపిల్లల బడుల విషయంలోనూ నష్టపోయిన తల్లులకు ఆమె మంత్రిత్వం ఓదార్పు కాజాలదు. అయితే చేతిలోని కొద్ది సిమెంటును ఎక్కడ పోయాలన్న ప్రశ్నకు అందరినీ తృప్తిపరచే జవాబు ఎవరి వద్దా లేదు.

1947 జనవరిలో ఆర్థిక చిక్కుల వల్ల వయస్సు పెంపును వాయిదా వేయాలని మంత్రివర్గంలోనే ప్రతిపాదన వచ్చింది. ఫ్యాక్టరీలకు మనుషులు చాలరని, పద్నాలుగేళ్ళవారిని బడిలో ఉంచడం ఆ సమయంలో తగదని సహచర మంత్రులు వాదించారు. వాయిదా వేస్తే దెబ్బతినేది పేదల బిడ్డలేనని, డబ్బున్నవారి పిల్లలు ఎలాగూ బడిలోనే ఉంటారని ఆమె గట్టిగా ఎదిరించారు. మంత్రివర్గం ఆమె గడువును అంగీకరించింది. ఆమె పాల్గొన్న చివరి పెద్ద వాగ్వివాదం అదే. చిన్ననాటి నుండి ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బు. ఆ యేటి చలి ఇంగ్లండు చరిత్రలో దారుణమైన వాటిలో ఒకటి. జనవరి చివరలో, బాంబులకు పైకప్పు ఎగిరిపోయిన ఓల్డ్ విక్ నాటకశాలలో, గడ్డకట్టించే చలిలో నాటక విద్యాలయ ప్రారంభోత్సవానికి ఆమె హాజరయ్యారు. తరువాత జబ్బుపడ్డారు. ఫిబ్రవరి 6వ తేదీన లండనులోని ఆసుపత్రిలో మరణించారు. వయస్సు యాభై అయిదు. నిద్రమందు మోతాదు మించడం కారణమని, అది ప్రమాదవశాత్తు జరిగిందని విచారణాధికారి తేల్చాడు. లోకం వేరే మాటలు కూడా అనుకొన్నది. వాటి జోలికి మేము పోము.

కొండల మీద ప్రవేశహక్కు కోసం ఆమె తెచ్చిన బిల్లు వంటిది 1939లో శాసనమయింది గాని, భూస్వాములకు అనుకూలంగా చెక్కివేయబడిన రూపంలో. 1949లో లేబరు ప్రభుత్వం జాతీయ ఉద్యానాల శాసనం చేసింది. పీక్ ప్రాంతం 1951లో మొదటి జాతీయ ఉద్యానమయింది. ఇంగ్లండు, వేల్స్‌లలో బీడు కొండల మీద నడిచే సాధారణ హక్కు 2000వ సంవత్సరపు శాసనంతో గాని రాలేదు. బ్రైస్ బిల్లు నుండి లెక్కవేస్తే 116 ఏళ్ళు.

బడి వయస్సు మాత్రం అనుకొన్న రోజుకే పెరిగింది. 1947 ఏప్రిల్ 1 తరువాత పద్నాలుగేళ్ళు నిండిన పిల్లలు ఫ్యాక్టరీలకు పోకుండా, ఇంకా సున్నం ఆరని కాంక్రీటు షెడ్లలో, నిన్నమొన్నటి వరకు సైనికులైన ఉపాధ్యాయుల ముందు కూర్చున్నారు. ఆమె మరణించి అప్పటికి ఎనిమిది వారాలు కూడా కాలేదు.